అడగని సర్వీసుకు ఫోన్‌లో డబ్బు కట్ అయితే: ఆపించడం, వెనక్కి రాబట్టడం ఎలా

మా నాన్న భీమవరం దగ్గర ఒక చేపల చెరువు మీద కాపలా ఉంటారు. ఆయన చేతిలో ఉన్నది బటన్ ఫోన్. పోయిన వానాకాలం అందులో వేయించిన టాకీటైమ్ పదహారు రోజుల్లో అయిపోయింది. రీచార్జి కొట్లో అడిగితే, "మీరే ఏదో నొక్కేసుంటారండి" అన్నారట. ఆయన అదే నమ్మేశారు. తప్పు తనదే అనుకుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నేను చేసిన ఫోన్‌కి తిరిగి చేయడానికి బ్యాలెన్స్ లేదని తెలిస్తే గానీ సంగతి బయటపడలేదు.

ఆదివారం వెళ్లి ఫోన్ తీసి చూశాను. రోజూ తెల్లవారుజామున ఒకే తీరు మెసేజ్: క్రికెట్ స్కోర్ల సర్వీసుకు 5 రూపాయలు తీసుకున్నాం, రేపు మళ్లీ రెన్యూ అవుతుంది. పదహారు రోజులకు 80 రూపాయలు. మా నాన్నకి క్రికెట్ తెలియదు. ఆ మెసేజ్‌లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, ఆయనకి ఇంగ్లిష్ రాదు.

ఎలా జరిగిందో గట్టు మీద ఆయన పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది. ఫోన్ చొక్కా జేబులో ఉంటుంది. మేత సంచి దించుతుంటే టింగుమని మోగింది. తీసి చూస్తే తెర నిండా ఒక మెసేజ్, కింద రెండే మాటలు: ఓకే, క్యాన్సిల్. ఆ ఫోన్‌కి ఓకే బటన్ సరిగ్గా మధ్యలో ఉంటుంది. తడి చేత్తో తెర మీది మెసేజ్ పోగొట్టాలనుకునే మనిషి బొటనవేలు మొదట పడేది దాని మీదే.

ఆ రోజు నేను ఆ సర్వీస్ ఆపించి, పనైపోయిందనుకుని ఇంటికి వచ్చేశాను. డబ్బు మాత్రం రాలేదు, ఎందుకంటే నేను అడగలేదు. మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదే: ఆపమనడం ఒక అడుగు, నా డబ్బు వెనక్కి వేయమనడం ఇంకో అడుగు. మొదటిది అడిగితే వాళ్లు అదొక్కటే చేస్తారు. రెండూ ఒకే ఫోన్ కాల్‌లో అడగాలి. రెండోసారి అలా అడిగాకే మా 80 రూపాయలు వచ్చాయి.

ముందుగా, డబ్బు ఎటు పోయిందో తేల్చుకోండి

కోపంతో వెంటనే కస్టమర్ కేర్‌కి చేయకండి. "నా డబ్బు పోయింది" అంటే వాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. "ఫలానా తేదీన, ఫలానా సర్వీసు పేరు మీద, ఇంత పోయింది" అంటే మాట తెగుతుంది.

ప్రీపెయిడ్ అయితే మెసేజ్‌లు ఏవీ చెరపకుండా వెనక్కి వెళ్లి చూడండి. సర్వీసు పేరు, మొదటిసారి కట్ అయిన తేదీ, ఎన్నిసార్లు, మొత్తం ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాయండి. కంపెనీ యాప్ ఉంటే అందులోనూ లెక్క కనిపిస్తుంది. మెసేజ్‌లు పోయినా గాభరా పడకండి. ప్రీపెయిడ్ వాళ్లకు ఐటమ్ వారీ బిల్లు ఉండదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఫోన్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం గడిచిన ఆరు నెలల లోపు వాడకం లెక్క అడిగి తీసుకోవచ్చు. దానికి 50 రూపాయలకు మించి వసూలు చేయకూడదు.

పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు మొదటి పేజీలో మొత్తం మాత్రమే చూసి కట్టేయకండి. లోపలి పేజీల్లో వేల్యూ యాడెడ్ సర్వీసులు, ఇతర ఛార్జీలు, ఐఎస్‌డీ, రోమింగ్, థర్డ్ పార్టీ కొనుగోళ్లు అని విడివిడిగా ఉంటాయి. మీరు వాడనిది ఏ వరుసలో ఉందో దాని కింద పెన్నుతో గీత గీయండి.

సాధారణంగా పోయే దారులు ఇవి. తెర మీద ఉన్నట్టుండి వచ్చే ఫ్లాష్ మెసేజ్‌కి ఓకే నొక్కడం. ఎవరికో ఫోన్ చేసినప్పుడు "ఈ పాట మీకూ కావాలంటే స్టార్ నొక్కండి" అంటే నొక్కేయడం. పిల్లలు ఆటల యాప్‌లో ఏదో కొంటే అది పోస్ట్‌పెయిడ్ బిల్లులో పడటం. డేటా ప్యాక్ లేనప్పుడు నెట్ ఆన్‌లో ఉండి మెయిన్ బ్యాలెన్స్ కరిగిపోవడం.

మన డెల్టాలో, ముఖ్యంగా కోనసీమలో, ఇంకో దారి ఉంది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. తెలియని విదేశీ నంబర్ నుంచి మిస్డ్ కాల్ వస్తే, మనవాళ్లే కొత్త సిమ్ తీసుకుని చేశారేమో అన్న ఆత్రంతో వెంటనే తిరిగి చేసేస్తాం. అవతల ఎవరూ మాట్లాడరు, ఏదో సంగీతం మోగుతూ ఉంటుంది, నిమిషాల లెక్కన ఐఎస్‌డీ ఛార్జీ పడుతుంది. ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకోవడమే ఈ మోసం. అందుకని ఈ కోడ్‌లు క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి: కువైట్ 965, ఖతార్ 974, ఒమాన్ 968, యూఏఈ 971, బహ్రెయిన్ 973, సౌదీ 966. మీవాళ్లు ఉన్న దేశం కోడ్ కాకపోతే తిరిగి చేయకండి. ఆ కోడే అయినా ముందు వాళ్ల పాత నంబర్‌కి వాట్సాప్‌లోనో ఐఎంఓలోనో మెసేజ్ పెట్టి కనుక్కోండి.

ఒకమాట. డబ్బు పోయింది ఫోన్ బ్యాలెన్స్ నుంచో బిల్లులోనో కాక, బ్యాంకు ఖాతా నుంచో యూపీఐ నుంచో అయితే దారి వేరు. మోసం అయితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసం కాకుండా ఏదో యాప్ నెలనెలా తీసుకుంటుంటే, యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట దాన్ని రద్దు చేయవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఫోన్ కంపెనీ తీసుకున్న డబ్బు గురించే.

ఆపించడం

155223. అన్ని కంపెనీలకూ ఇదే నంబర్, ఛార్జి లేదు. డబ్బు పోతున్న ఫోన్ నుంచే చేయండి. లేదా స్టాప్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి అదే నంబర్‌కి మెసేజ్ పంపండి. మీ నంబర్ మీద ఏయే సర్వీసులు నడుస్తున్నాయో చూపించి, ఏది ఆపాలో అడుగుతుంది. ఒకటి కనిపించగానే ఆగిపోకండి, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి. మా నాన్న ఫోన్‌లో క్రికెట్‌తో పాటు ఒక జ్యోతిషం సర్వీసు కూడా ఉంది. బ్యాలెన్స్ లేక అది డబ్బు తీసుకోలేదంతే.

ఆగిందని వచ్చిన మెసేజ్‌ని దాచండి.

నెట్ వల్ల పోతుంటే 1925కి స్టాప్ అని మెసేజ్ పంపితే మొబైల్ డేటా ఆగిపోతుంది. మళ్లీ కావాలంటే అదే నంబర్‌కి స్టార్ట్ అని పంపాలి.

ఇక్కడ టైమ్ ముఖ్యం. సర్వీసు మొదలైన 24 గంటల లోపు నేను అడగలేదని చెబితే ఆపి, తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలని ట్రాయ్ 2011లోనే ఆదేశించింది. అందుకే అడగని సర్వీసు మొదలైందన్న మెసేజ్ కనిపించిన రోజే చేసేయండి. రోజులు గడిచిపోయాయని వదిలేయకండి కూడా. మీ అంగీకారం లేనిదే తీసుకోకూడదు అన్నది 24 గంటలతో పోయే మాట కాదు.

డబ్బు వెనక్కి అడగడం

ఇప్పుడు 198. ఇది ఫిర్యాదుల నంబర్, దీనికీ ఛార్జి లేదు. 121 సమాచారం కోసం. చాలామంది 121కే చేసి, అక్కడ ఎవరో సరే చూస్తామంటే పెట్టేస్తారు. ఫిర్యాదు నమోదు కావాలంటే 198కే చేయండి. తెలుగు ఎంచుకుని, మనిషితో మాట్లాడే వరకు ఓపిక పట్టండి. మధ్యాహ్నం పూట చేస్తే ఎదురుచూపు తక్కువని నా అనుభవం.

మీరు పట్టుకోవలసిన ఆయుధం ఒకటుంది. 2013 జులై 10న ట్రాయ్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఇలాంటి సర్వీసు మొదలుపెట్టడానికి మీరు ఒకసారి సరే అంటే చాలదు. రెండోసారి వేరుగా మీ అంగీకారం తీసుకోవాలి. ఆ రెండో అంగీకారం సర్వీసు అమ్మేవాడి చేతిలో కాకుండా వేరే సంస్థ నడిపే వ్యవస్థ ద్వారా నమోదు కావాలి. అంటే ఒక్క బటన్ పొరపాటున నొక్కినంత మాత్రాన డబ్బు తీసుకోవడం నిబంధనకు విరుద్ధం. "మీరే నొక్కేసుంటారండి" అన్న మాట దగ్గర తలవంచనక్కర్లేదు. నొక్కితే మాత్రం ఏమైంది, రెండోసారి అడిగిన రికార్డు ఏది?

నేను రెండోసారి చేసినప్పుడు ముందే కాగితం మీద రాసుకుని చదివినట్టు చెప్పిన మాటలు ఇవి. మీ వివరాలు పెట్టుకుని మీరూ ఇలాగే చెప్పండి:

"అండీ, ఈ నంబర్ మీద ఫలానా సర్వీసు ఫలానా తేదీన మొదలైంది. మేము అడగలేదు. ఇప్పటికి 80 రూపాయలు తీసుకున్నారు. ఏ దారిలో యాక్టివేట్ అయిందో చెప్పండి. మా రెండో అంగీకారం రికార్డు మీ దగ్గర ఉండాలి కదా, అది చూపించండి. లేకపోతే 80 రూపాయలు వెనక్కి వేయండి. ఇకమీదట ఈ నంబర్ మీద ఇలాంటి సర్వీసు ఏదీ మొదలుకాకుండా చూడండి. ఫిర్యాదు నంబర్ చెప్పండి, రాసుకుంటాను."

రికార్డు అన్న మాట వినగానే అవతలి అమ్మాయి ఒక్క నిమిషం అండీ అని లైన్ హోల్డ్‌లో పెట్టింది. తిరిగి వచ్చి, ఫిర్యాదు తీసుకుంటున్నాం అంది. మొదటిసారి కాల్‌లో ఆ మాటే రాలేదు. ఆ అమ్మాయి మీద అరవనవసరం లేదు, ఆమె ఉద్యోగం ఆమెది. గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ మళ్లీ అడగండి చాలు.

చివరి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం. ఫిర్యాదు నంబర్ లేని ఫిర్యాదు చేసినా చేయనట్టే. దాన్ని డాకెట్ నంబర్ అంటారు. ప్రతి ఫిర్యాదుకూ అది ఇచ్చి తీరాలి, మెసేజ్‌గానూ పంపాలి. మెసేజ్ వచ్చే వరకు ఫోన్ పెట్టకండి. నేను దాన్ని మా అమ్మ పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలోనే రాసేశాను. ఫోన్ పోయినా, మెసేజ్ చెరిగినా అది అక్కడే ఉంటుంది.

పోస్ట్‌పెయిడ్ వాళ్లకు ఇంకో టెన్షన్ ఉంటుంది: కట్టకపోతే లైన్ కట్ చేస్తారేమోనని. మీరు వాడిన మేరకు గడువు లోపు కట్టేయండి. ఫలానా మొత్తం మీద ఫిర్యాదు ఉంది, తేలే వరకు అది పక్కన పెట్టండి అని డాకెట్ నంబర్‌తో సహా మెయిల్ పెట్టండి. ఓటీపీలు, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ ఆ నంబర్‌కే వచ్చే వాళ్లయితే పూర్తిగా కట్టేసి, ఆ మొత్తాన్ని వచ్చే బిల్లులో తగ్గించమని అడగడమే మంచిదని నా అభిప్రాయం. వివాదం నడుస్తుండగా లైన్ ఆగిపోతే కష్టం మీకే.

వాళ్లు కాదంటే, లేదా పలకకపోతే

మీరు అడగలేదని కంపెనీ ఒప్పుకోదు, లేదా సమస్య పరిష్కరించాం అని ఒక మెసేజ్ పంపి డబ్బు మాత్రం వేయదు. అప్పుడు అప్పీలు చేయాలి. ప్రతి కంపెనీలోనూ అప్పిలేట్ అథారిటీ, అంటే అప్పీళ్లు తేల్చేవాళ్లు, ఉండాలని 2012 ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు చెబుతున్నాయి. ఇది జనంలో చాలామందికి తెలియదు. కస్టమర్ కేర్‌లో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి. ఫోన్ కంపెనీలు దేశాన్ని సర్కిళ్లుగా విడదీస్తాయి, మనది ఆంధ్రప్రదేశ్ సర్కిల్. ఆ సర్కిల్ అప్పిలేట్ అథారిటీ మెయిల్, ఫోన్ నంబర్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ, ట్రాయ్ నడిపే టీసీసీఎంఎస్ పోర్టల్‌లోనూ ఉంటాయి.

అప్పీలుకు ఫీజు లేదు. ఫిర్యాదు తేల్చడానికి ఇచ్చిన గడువు దాటాక 30 రోజుల లోపు చేయాలి. 39 రోజుల లోపు వాళ్లు తేల్చాలి. అప్పీలు మీద సలహా ఇవ్వడానికి ఉండే కమిటీలో వినియోగదారుల సంఘం తరఫు మనిషి కూడా ఒకరు ఉంటారు. అంటే కంపెనీవాళ్లే కూర్చుని కొట్టేసే వ్యవహారం కాదు.

మెయిల్ పొడుగ్గా రాయకండి. మీ నంబర్, డాకెట్ నంబర్, సర్వీసు పేరు, తేదీలు, మొత్తం, మీకు ఏం కావాలి. స్క్రీన్‌షాట్లు జతచేయండి. బటన్ ఫోన్ అయితే తెరని ఇంకో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి. తెలుగులో రాసినా తప్పు లేదు, కానీ తేదీలు, అంకెలు స్పష్టంగా ఉండాలి. మెయిల్ లేని పెద్దవాళ్లకు ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలెవరైనా పది నిమిషాల్లో పెట్టి ఇస్తారు. నేనూ మా వీధిలో ముగ్గురికి పెట్టాను.

ట్రాయ్‌కి నేరుగా రాస్తే పని జరుగుతుందని కొందరు అంటారు. ట్రాయ్ నియమాలు పెట్టే సంస్థ, ఒక్కొక్కరి ఫిర్యాదు అది విచారించదు. అప్పీలూ కుదరకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖకు ఫిర్యాదు పెట్టవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు.

మొత్తం పెద్దదైతే, లేదా పట్టుదల ఉంటే, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పాత తూర్పు గోదావరి వాళ్లకు కాకినాడ, రాజమండ్రి, పాత పశ్చిమ గోదావరి వాళ్లకు ఏలూరు అలవాటైన చోట్లు. ఫోన్ గొడవలు అక్కడ చెల్లవని పాత తీర్పు చూపించి ఎవరైనా వెనక్కి పంపితే ఊరుకోకండి. 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు టెలికాం ఫిర్యాదులు కూడా వినియోగదారుల కమిషన్లు వినవచ్చని స్పష్టం చేసింది. 2019 వినియోగదారుల చట్టంలో టెలికాం సేవ పేరు పెట్టే ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

మళ్లీ జరగకుండా

పెద్దవాళ్ల ఫోన్‌లో అపరిమిత కాల్స్ ప్యాక్ ఉంటే మెయిన్ బ్యాలెన్స్ వేయించకండి. ఇలాంటి సర్వీసులు తీసుకునేది అందులోంచే. లేనిచోట ఏం తీసుకుంటారు? నెట్ అక్కర్లేనివాళ్లకు కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్యాక్ పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబర్‌లో కంపెనీలకు చెప్పింది. రీచార్జి చేయించేటప్పుడు ఆ ప్యాక్ ఏదో కొట్లో అడగండి.

ఫ్లాష్ మెసేజ్‌లు ఆపడానికి ఫోన్ మెనూలో కంపెనీ పేరుతోనో, సిమ్ టూల్‌కిట్ అనో ఉండే చోటికి వెళ్లండి. ఈ మెసేజ్‌లు ఆన్, ఆఫ్ చేసే వీలు అక్కడ ఉంటే ఆఫ్ పెట్టండి. ప్రచార కాల్స్ వద్దంటే 1909కి చేసి డీఎన్‌డీ పెట్టించండి. పిల్లల చేతికి వెళ్లే స్మార్ట్‌ఫోన్‌లో ప్లే స్టోర్ పేమెంట్ పద్ధతుల్లో మొబైల్ బిల్లింగ్ ఉంటే తీసేయండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి.

మా నాన్నకి ఒకే అలవాటు నేర్పాను: తెర మీద తెలియనిది ఏదొచ్చినా మధ్య బటన్ జోలికి వెళ్లకుండా ఎర్ర బటన్ నొక్కమన్నాను. కాల్ కట్ చేసేది అదే కాబట్టి వేలికి అలవాటే. ఫోన్ వెనక అట్ట మీద తెల్ల కాగితం అంటించి 198, 155223 అని పెద్ద అంకెల్లో రాసి, తడవకుండా పైన టేపు వేశాను. మొన్న సంక్రాంతి ముందు ఒక పాటల సర్వీసు మొదలైనట్టు మెసేజ్ వస్తే, నాకు చేయకుండా ఆయనే గట్టు మీద నిలబడి 198కి చేశారు. డాకెట్ నంబర్ మేత లెక్కల పుస్తకం అట్ట మీద రాసి ఉంది.